రిబ్బను లోపలి కాగితం

ఆ రోజు పొద్దున్నే దర్జీ పెట్టుకున్న పనులు రెండే. పదింటిలోగా మూడు చొక్కాలకు గుండీలు కుట్టాలి, మధ్యాహ్నంలోగా కూతురి ప్రవేశ ఫారం కాలేజీలో ఇచ్చి రావాలి. ముందుగది ఆమె కుట్టుకొట్టు, వెనకగది ఇల్లు. మొదటి గుండీకి దారం ఎక్కిస్తుండగానే మేడమీది తోడికోడలు మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, 'పొందిన గుర్తింపులు' అని గడి ఉంది చూశావా? అందులో మీ అమ్మాయికి ఏం రాశావు?"

"ఇంకా రాయలేదు. నువ్వేం రాశావు?"

"మాదేముందక్కా! ఆఖరి రోజున క్లాసు పిల్లలంతా ఒకరికొకరు బిరుదులిచ్చుకున్నారట. మా పిల్లకు 'అందరి నేస్తం' అని కాగితం పట్టీ మీద రాసి చొక్కాకు తగిలించారు. అదే రాసి, ఆ పట్టీ ఫారానికి జతచేద్దామని."

ఆవిడ అటు వెళ్ళగానే దర్జీ ఓర్వలేక చొక్కా పక్కన పడేసింది. మరిది పెళ్ళైన నాటి నుంచీ అంతే. మేడమీద కొత్త కర్టెను కడితే కింద ఈమెకు నాలుగు రోజులు అన్నం సహించేది కాదు. పిల్లలిద్దరిదీ ఒకే క్లాసు, దాదాపు ఒకే మార్కులు. ఇప్పుడు ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకు తన పిల్లకు సీటు తప్పిపోతే?

"నీకేం బిరుదిచ్చారే?"

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "అవి అవార్డులు కాదమ్మా. సరదాకి ఇచ్చుకున్నాం. ఫారంలో రాస్తే నవ్వుతారు."

"మేడమీద వాళ్ళు రాయలేదూ?"

"పిన్ని రాసింది. వాళ్ళ పిల్ల వద్దంటూనే ఉంది."

కూతురు స్నానానికి వెళ్ళగానే తల్లి ఆ పిల్ల సంచీ వెతికింది. అట్టలాంటి మందపు కాగితం పట్టీ దొరికింది. దాని మీద 'పిన్నీసుల పెద్దమ్మ' అని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల పెద్దమ్మేమిటి, వీళ్ళ మొహం మండ! వాళ్ళ పిల్ల నేస్తమూ, నా పిల్ల పిన్నీసులూనా? పట్టీ వెనక ఏముందో కూడా చూడలేదామె.

ఎర్ర శాటిను ముక్క తీసి బంగారు దారంతో 'తరగతి రత్నం' అని కుట్టింది. రిబ్బను బిరుసుగా నిలవాలంటే లోపల ఏదో ఒకటి పెట్టాలి. అందుకు వాడే కాన్వాసు గుడ్డ కొనే అలవాటు ఆమెకు లేదు. కాలర్లలో కూడా పాత కొలతల చీటీలే మడిచి పెట్టేది. ఇప్పుడు చేతికి అందింది ఆ పట్టీయే. దాన్ని మధ్యలో పెట్టి నాలుగు వైపులా మిషను కొట్టేసింది. పీడ విరగడైంది! గడి నింపి, రిబ్బను కవర్లో పెడుతుండగా చొక్కాల కోసం ఇస్త్రీ కొట్టు ఆవిడ వచ్చింది.

"అబ్బ, ఏం మెరుస్తోందమ్మా! ఎక్కడిది?"

"మా పిల్లకు క్లాసువాళ్ళు ఇచ్చారు."

"అవునా? మరి దారం ఇంకా సూదిలోనే ఉందే!"

ఆవిడ ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి మేడెక్కింది. అరగంటలో మళ్ళీ దిగి వచ్చింది. "మా చుట్టాలమ్మాయికి ఇలాంటిదే కావాలి. 'తరగతి కిరీటం' అని, ఇంకాస్త వెడల్పుగా, చుట్టూ పూసలతో. ఇందాకటి సంగతి నేనెవరికీ చెప్పనులే" అంటూ నవ్వింది. ఆ నవ్వుకు అర్థం దర్జీకి బాగా తెలుసు. మేడమీదికి మాట పాకకుండా ఉండడానికి పూసలు ఒకటికి రెండు వరసలు కుట్టి, లోపల డ్రాయరులోంచి ఒక చీటీ పెట్టి ఇచ్చింది. చొక్కాలకు గుండీలు ఆ రోజు పడనేలేదు.

నాలుగో రోజు కాలేజీలో ప్రవేశాల అధికారి ఇద్దరు పిల్లల్నీ ఇద్దరు తల్లుల్నీ ఒకేసారి పిలిచాడు. బల్ల మీద రెండు ఎర్ర రిబ్బన్లు ఉన్నాయి. తన పూసలు తోడికోడలి కూతురి ఫారం మీద తళతళలాడుతుంటే ఆ 'చుట్టాలమ్మాయి' ఎవరో దర్జీకి అర్థమైంది.

"ఒకే క్లాసులో ఒకరు రత్నం, ఒకరు కిరీటం. కుట్టూ ఒకటే, దారమూ ఒకటే" అన్నాడు అధికారి. "మీ క్లాసులో దర్జీ ఎవరమ్మా?"

"అమ్మా!" అంది కూతురు. ఎర్ర రిబ్బను మొహం చూడడం ఆ పిల్లకు అదే మొదలు.

తోడికోడలు ముందుకు ఉరికింది. "మాది అసలుదండీ! అక్కదే సొంతంగా కుట్టుకున్నది. విప్పి చూడండి, లోపల ఆవిడ కొట్టు చీటీయే ఉంటుంది. మా ఇంట్లో కాలర్లన్నిటిలోనూ అవే!"

అధికారి బ్లేడుతో రత్నాన్ని విప్పాడు. చీటీ రాలేదు. పిన్నీసుల పెద్దమ్మ వచ్చింది. ఆయన వెనక్కి తిప్పి చదవసాగాడు. "'ఆటల రోజున నా స్కర్టు చిరిగితే కుట్టింది, ఎవరికీ చెప్పలేదు.' 'పరీక్షకు ముందు నా సంచీ పట్టీ తెగితే బాగుచేసింది, దానివల్ల తను ఆలస్యంగా లోపలికొచ్చింది.'" అలా ముప్పై ఆరు సంతకాలు. దర్జీ తల దించుకుంది. తన కొట్టులో పిన్నీసులు ఎందుకు తరిగిపోతున్నాయో ఆమెకు ఇన్నాళ్ళకు తెలిసింది.

"తోటిపిల్లలు ఇచ్చిన ఈ మాట ఫారంలో ఉండాల్సిందే" అన్నాడాయన. "మీరు దీనికి తొడిగిన చొక్కా మాత్రం ఇంటికి పట్టుకెళ్ళండి."

మేడమీది పిల్ల గబగబా తన సంచీలోంచి నలిగిన పట్టీ ఒకటి తీసింది. "సార్, నా అసలు పట్టీ ఇది. అమ్మ తీసేసింది."

"మంచిది. దీన్ని దేనితో తగిలించాలి?"

కూతురు జేబులోంచి పిన్నీసు తీసి ఇచ్చింది.

"మరి ఇందులో ఏముందో కూడా చూద్దాం" అంటూ ఆయన కిరీటం కుట్టు విప్పాడు. లోపలి చీటీ పైకి చదివాడు. "'మేడమీది మహారాణి. నడుము నలభై రెండు. అడిగితే ముప్పై ఆరు అని చెప్పాలి.'" కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. "ఇది కూడా తోటివాళ్ళు ఇచ్చిన బిరుదేనా?"

సీట్లు పిల్లలిద్దరికీ వచ్చాయి. తోడికోడలు మాత్రం ఆనాటి నుంచి తన బట్టలు వేరే కొట్టులో కుట్టించుకుంటోంది. ఇస్త్రీ ఆవిడ తెచ్చిన కబురు ప్రకారం అక్కడ నడుము నలభై మూడు.