కార్న్‌ఫ్లవర్ సాగు

ఆ ఉదయం జగన్నాధం అనుకున్న పని చాలా చిన్నది. కోటబొమ్మాళిలో పెళ్ళి చూసుకుని, సాయంత్రానికి నరసన్నపేట వచ్చి, పెరటి మడిలో కార్న్‌ఫ్లవర్ విత్తనాలు చల్లుకోవడం. సీమదేశాల్లో చేలగట్ల మీద దానంతటదే మొలిచే నీలం పువ్వు అది. కాలనీలో రిపబ్లిక్ డేకి జరిగే తోటల పోటీలో ఏటా పక్కింటి ధనరాజ్ చామంతులదే గెలుపు. ఈసారీ ఓడితే ధనరాజ్‌ని జన్మంతా "గురువుగారూ" అని పిలుస్తానని జగన్నాధం టీకొట్టు దగ్గర నోరు జారాడు.

పెళ్ళి భోజనాల్లో ఉండగా మబ్బు పట్టింది. కంగారుగా భార్యకి ఫోన్ చేశాడు.

"ఒసే దాలమ్మా, వానొచ్చీలోగా కార్న్‌ఫ్లవర్ మడిలో సల్లెయ్యే!"

"మొత్తమేటి?"

"మొత్తం! పిసినారితనం సెయ్యకు!"

పువ్వుకీ పిండికీ ఆ వీధిలో ఒకటే పేరు. దాలమ్మ మొగుడి మాట వినే రోజు ఏడాదికొకటి వస్తుంది, ఖర్మకాలి ఆ రోజే వచ్చింది. మంచూరియా కోసం కొన్న పిండి పేకెట్టు మడంతా దులిపేసింది.

వాన రాలేదు. చీమలొచ్చాయి. చీమల కోసం వీధిలో కోళ్ళన్నీ వచ్చి మడిని కుళ్ళబొడిచాయి. గోడ మీంచి తొంగిచూసిన ధనరాజ్‌కి తెల్లటి పిండీ, మధ్యలో ఓ నల్లకోడీ కనిపించాయి.

"సేతబడి!" అని కేకేసి పరుగెత్తాడు. తాయెత్తు కట్టినాయన "రెణ్ణెల్లు పెరట్లో కాలెట్టకు బాబూ" అన్నాడు.

ఇంటికొచ్చిన జగన్నాధం లబోదిబోమన్నాడు. "ఇత్తనాలు సల్లమంటే పిండి సల్లినావేటే!"

"పిండి మొలవదని నాకూ తెల్సు. మీరు సెప్పినారు, సల్లినాను."

గురువుగారూ అనక తప్పదనుకుంటే అతనికి ఏడుపొచ్చింది. అయినా ఆశ చావక, బీరువా మీదున్న విత్తనాలు తెచ్చి చల్లి, పైన ముళ్ళకంప కప్పాడు. కోళ్ళు అప్పటికే గునపంకన్నా బాగా మట్టిని గుల్లచేశాయి. పోతూపోతూ ఎరువూ వేశాయి.

జనవరికి మడంతా నీలమే. గోడవతల నీళ్ళు లేని చామంతులు వడియాల్లా ఎండాయి. కప్పు చేతికొచ్చాక జగన్నాధం దాన్ని ఎత్తి పట్టుకుని, పిలిచిన ఇంటికీ పిలవని ఇంటికీ వెళ్ళొచ్చాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

సాయంత్రం ధనరాజ్ తలొంచుకుని వచ్చాడు. "గురువుగారూ, ఎరువేటి ఏసినారు?"

జగన్నాధం గొంతు సవరించుకునేలోగా వంటింట్లోంచి దాలమ్మ చెప్పేసింది. "కార్న్‌ఫ్లవరే అన్నయ్యా. ఇంకేటీ నేదు."

మర్నాడు నరసన్నపేట కిరాణా కొట్లలో వెతికినా మంచూరియా పిండి దొరకలేదు.