ఆరు శనివారాలు, ఒక్క జాకెట్టూ లేదు

మా ఆవిడ యమున ప్రతి శనివారం పుంగనూరు వెళ్ళి కుట్టుపని నేర్చుకుంటోంది. ఆరు శనివారాలు గడిచినా ఇంట్లో ఒక్క జాకెట్టు కూడా పుట్టలేదు. నా చొక్కాకు ఊడిన బొత్తాం నేనే కుట్టుకున్నాను. సూది వేలికి గుచ్చుకుంది. అనుమానం అప్పుడే గుచ్చుకుంది.

నేను స్వతహాగా అనుమానపు మనిషిని కాను. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. పరీక్షనాళికలో రంగు మారితే తప్ప దేన్నీ శంకించను. యమున మందులషాపులో పనిచేస్తుంది, శనివారం సెలవు. మాకు పెళ్ళయి పది నెలలు. ఈ పది నెలల్లో ఆమె నన్ను శంకించడమే గానీ నేను ఆమెను శంకించింది లేదు.

ఆరో శనివారం సాయంత్రం అడిగాను.

"ఏం నేర్చుకుంటివి ఈ పొద్దు?"

"కాజాలు."

"పోయిన వారం?"

"కాజాలే."

"ఆరు వారాలూ కాజాలేనా? పుంగనూరులో బొత్తాములు లేవా?"

"పునాది గట్టిగా ఉండల్లప్పా. మూడేండ్ల బీయస్సీ నువ్వు ఐదేండ్లు చదివితివే, నేనేమన్నా అడిగితినా?"

 ఆ రోజు నుంచి కళ్ళు తెరిచి పెట్టుకున్నాను. కళ్ళు తెరిస్తే అన్నీ కనబడటం మొదలైంది.

మొదటిది, ఆమెకు ఎడమకాలు నొప్పి. కుడికాలు నిక్షేపంగా ఉంది. ఏ కుట్టుమిషను మనిషిని ఒక్క కాలితో బాధపెడుతుంది?

రెండోది, చీర అంచుకు నల్లటి జిడ్డు మరక. దారప్పోగు మాత్రం ఒక్కటీ లేదు.

మూడోది ఫోను. ఒకరోజు వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీరు పక్కన కూర్చుంటే నాకు భయమే ల్యాదు మాస్టరూ. పోయిన వారం పోయిన దోవనే పోదాం. ఈయప్పకు మాత్రం తెలీకూడదు."

'ఈయప్ప' అంటే నేనే. ఇంట్లో ఇంకో అప్ప లేడు.

మరునాడు ఈ సంగతులన్నీ బాలప్ప ముందు పెట్టాను. బాలప్ప మా కాలేజీ లైబ్రరీ చూస్తాడు. పుస్తకాలకంటే మనుషుల్ని ఎక్కువ చదివినవాడు. వాడి చేతి గడియారం రెండు నిమిషాలు ముందుకు పోతే, దాని వెనక ఎవరిదో హస్తం ఉందని ఆరు నెలలు విచారణ చేశాడు.

"ఎడమకాలా?" అన్నాడు టీ గ్లాసు కింద పెట్టి.

"ఎడమదే."

"ముదిరిపోయింది మునికుమారా. ఆ మాస్టరుకు మీసం ఉంటాదా?"

"నేను సూడల్యా."

"సూడల్ల! శనివారం ఎంబడించు. బస్సులో పోతే పట్టుబడతావు. నీ కారు తీసుకొనిపో."

ఇక్కడ నా కారు గురించి కొంచెం చెప్పాలి. నాలుగు నెలల కిందట పాత తెల్లకారు ఒకటి కొన్నాను. నడపడం నాకు బాగా వచ్చు. ముందుకు. వెనక్కి పోవాలంటే మాత్రం మెడ తిరుగుతుంది గానీ చెయ్యి తిరగదు. అందుకే ముందుకు పోయి, ముందుకే వచ్చేయగల చోట్లకే కారు తీస్తాను. ఈ రహస్యం నాకూ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలియదని నా నమ్మకం. నాకూ నేర్పించవా అని యమున అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం" అనేవాణ్ణి. అట్లా పదహారు ఆదివారాలు వచ్చాయి, పోయాయి.

శనివారం పొద్దున యమున తొందరగా తయారైంది.

"నాకూ ఈ పొద్దు స్పెషల్ క్లాసుండాది," అన్నాను.

"ల్యాబులోనా?"

"ఆఁ."

"మరి కూలింగ్ గ్లాసు యాలప్పా?"

"యాసిడ్ చిందుతాది," అన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం ఎక్కువే చూసింది. నాకు అది కూడా అనుమానంగానే అనిపించింది.

ఆమె పుంగనూరు బస్సెక్కింది. నేను వెనకే కారు తీశాను. బస్సును వెంబడించడమంత కష్టమైన పని ఇంకొకటి లేదని అప్పటిదాకా నాకు తెలియదు. బస్సు ఆగిన చోటల్లా ఆగాలి. దాటి ముందుకు పోతే గూఢచారి పని చెడుతుంది. ఆగి నిలబడితే వెనక టమోటా లారీలవాళ్ళు మా వంశాన్ని పేరుపేరునా తలుచుకుంటున్నారు.

మూడో స్టాపులో కారు వెనక తలుపు తెరుచుకుంది. ముందు ఒక గంప ఎక్కింది. గంపలో కోడి ఉంది. ఆ తర్వాత ఒక అవ్వ ఎక్కింది.

"పోనీ నాయనా, పుంగనూరే కదా!"

"ఇది టాక్సీ కాదవ్వా!"

"కాకుంటే బస్సు ఎనకాల స్టాపు స్టాపుకూ యాల నిలబడతాండావు?"

 అవ్వ పేరు చౌడమ్మ. ఒక కిలోమీటరులో నా చేత నోరు విప్పించింది. నేను చెప్పింది ఒకటే: నా భార్య ఆ బస్సులో ఉంది. మిగతాదంతా ఆమే అల్లుకుంది.

"కొట్లాడి పుట్టింటికి పోతాందా?"

"కాదవ్వా."

"కొడితివా?"

"అయ్యో, ల్యాదు!"

"మరి యాల ఏడుపు మొగం పెట్టుకోనుండావు?"

తర్వాతి స్టాపులో నేను ఆపే లోపే అవ్వ కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి అరిచింది. "ఓయమ్మణ్ణీ! బస్సులో ఉండే కొత్త పెండ్లికూతురా! నీ మొగుడు ఏడస్తా ఎంబడి వస్తాండాడు, దిగమ్మా!"

బస్సు మొత్తం వెనక్కి తిరిగింది. ఎనిమిది కిటికీల్లోంచి ఎనిమిది తలలు బయటికొచ్చాయి. నేను స్టీరింగు కిందికి దూరిపోయాను. కారు హారను మీద నా నుదురు ఆనింది. అది మోగుతూనే ఉంది.

అదృష్టం, యమున తల బయటికి రాలేదు. చూడలేదనుకున్నాను.

పుంగనూరు బస్టాండులో అవ్వ దిగి, కోడిని చంకలో పెట్టుకొని, "బిడ్డను బాగా సూసుకో నాయనా," అని తల మీద చెయ్యేసి వెళ్ళిపోయింది. అదే సమయానికి యమున రోడ్డు దాటి ఒక చిన్న ఎర్రకారు ఎక్కింది. అద్దాల మీద ఎండ పడి లోపల ఎవరున్నారో కనబడలేదు. ఒక్కటి మాత్రం కనబడింది. లోపల ఇంకొకరు ఉన్నారు.

 అంతవరకు ఇదంతా ఒక ఆటగా ఉండింది. జాకెట్టు, కాజాలు, బాలప్ప మాటలు. ఎర్రకారు కదిలేసరికి ఆట అయిపోయింది. పది నెలల్లో ఆమె నవ్విన నవ్వులన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో నాకోసం నవ్వినవి ఎన్ని అని లెక్కపెట్టబోయాను.

ఎర్రకారు ఒక సందులోకి తిరిగింది. నేనూ తిరిగాను. సందు ఇంకా సన్నబడింది. రెండు వైపులా అరుగులు, అరుగుల మీద ఎండుమిరపకాయలు. సందు చివర ఖాళీస్థలంలో ఎర్రకారు గుండ్రంగా తిరిగి, నేరుగా నా ఎదురుగా వచ్చి ఆగింది.

దాని ముందు పెద్ద ఎర్ర అక్షరం, ఎల్.

డ్రైవరు సీట్లో యమున ఉంది.

పక్కన యాభై ఏళ్ళ ఆడమనిషి. బుగ్గన వక్కాకు, చేతికి మగవాళ్ళ గడియారం. ఆమె తల బయటపెట్టి, "ఎనక్కి తీయప్పా! దోవలో అడ్డం యాల?" అంది.

ఎనక్కి! నా వెనక ఇరవై ఇళ్ళ సందు ఉంది.

గేరు వేశాను. కారు వెనక్కి రెండడుగులు పోయి, అరుగును ముద్దు పెట్టుకుంది. ముందుకు తీశాను. మళ్ళీ వెనక్కి. ఈసారి ఎవరిదో మిరపకాయల చాప చక్రం కిందికి వచ్చింది. ఇళ్ళలోంచి జనం వచ్చారు. "కుడికి కుడికి" అని ఒకరు, "ఎడమకు ఎడమకు" అని ఇంకొకరు. మిరపఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. నేను తుమ్మినప్పుడల్లా కారు కూడా ఒక కుదుపు కుదిపేది.

యమున దిగి వచ్చి నా తలుపు తెరిచింది.

"జరుగు."

జరిగాను. ఆమె కూర్చుంది, ఒక్కసారి వెనక్కి చూసింది, ఎడమకాలు నొక్కింది. అప్పుడు అర్థమైంది నాకు ఆ కాలినొప్పి. కారు అరుగుకూ అరుగుకూ మధ్య, పట్టాల మీద రైలులాగా, ఇరవై ఇళ్ళూ వెనక్కి పోయి రోడ్డెక్కింది. జనం చప్పట్లు కొట్టారు. మిరపకాయల చాప సొంతదారు మాత్రం కొట్టలేదు.

ఎర్రకారు పక్కనే వచ్చి ఆగింది. వక్కాకు ఆమె అడిగింది. "ఎవురు యమునా ఈయప్ప?"

"మా ఇంటాయన, మాస్టరూ."

"మాస్టరు ఈమెనా!" అని నా నోరు జారింది.

యమున నావైపు తిరిగింది. "మరి ఎవురనుకుంటివి?"

నేను మిరపకాయలకు తుమ్మినట్టు నటించాను. తుమ్ము అయిపోయింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

ఆ వక్కాకు ఆమె, పాపమ్మ మాస్టరు, లోకం చూసిన మనిషి. "ఈ పొద్దు కుప్పం దాకా లాంగు డ్రైవు అనుకుంటిమి కదమ్మా, మీ అమ్మోళ్ళింటికి," అంది. "లైసెన్సు మొన్ననే వచ్చె. సొంత కారుండాది, ఇంగ నేనెందుకు? మీ ఇద్దరే పోండి." అని వెళ్ళిపోయింది.

పలమనేరు దాకా యమున గేర్లు మాత్రం మార్చింది. గంగవరం దాటేటప్పుడు నేను "బాగా నడుపుతాండావే" అన్నాను. హారను కొట్టింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

వి.కోట దగ్గర నేనే మొదలుపెట్టాను.

"తప్పైపోయింది యమునా."

"ఏం తప్పు?"

"అనుమానం వచ్చింది."

"అనుమానం వస్తే నన్ను అడగల్ల. ఎవురి మాటలో ఇనేసి గాదు."

"అడిగుంటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని గాదు. అయినా అడగల్ల."

ఇందులో న్యాయం ఉందో లేదో గానీ, ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. "నాకు రివర్సు రాదు యమునా. అందుకే నీకు నేర్పించల్యా," అన్నాను. పదహారు ఆదివారాల బరువు దిగిపోయింది.

"తెల్సు."

"ఎప్పట్నించీ?"

"కారు తెచ్చిన దినమే. మనింటి ముందర్నించి బయటికి తీసేకి మూడు వీదులు సుట్టుకొని పోతివే. నువ్వు సిగ్గుపడతావనే పుంగనూరు దాకా పోయి నేర్చుకుంటి. మదనపల్లెలో నేర్చుకుంటే నీ కాలేజీలో అందరికీ తెలుస్తాది." గేరు మార్చింది. "నువ్వేమో నాకు మీసాల మాస్టర్ని అంటగడితివి."

నేను తల దించుకున్నాను. ఆమె ఎడమచెయ్యి గేరు మీదనుంచి తీసి నా తల మీద ఒక మొట్టికాయ వేసింది. గట్టిదే. అయితే ఆ మొట్టికాయలో మా పది నెలల కాపురం తిరిగి చేతికొచ్చినట్టు అనిపించింది.

కుప్పంలో అత్తగారిల్లు కనబడగానే నాలో పశ్చాత్తాపం తగ్గి పౌరుషం లేచింది. వాకిట్లో మా అత్త ఆదిలక్ష్మి, యమున అక్క కౌసల్య నిలబడి ఉన్నారు. యమున కారు ఆపగానే నేను ముందు దిగాను.

"సూడత్తా, మీ బిడ్డ ఎట్ల నడపతాందో! నేనే నేర్పిస్తి. ఓపిగ్గా, ఒక్కొక్క గేరూ."

"అట్లనా నాయనా," అంది మా అత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గబగబా వంటింట్లోకి పోయింది. లోపల ఏదో గిన్నె పడింది. గిన్నె చప్పుడు ఆగినా ఇంకేదో చప్పుడు చాలాసేపు ఆగలేదు.

భోజనానికి పిలిచారు. సంగటి, నాటుకోడి పులుసు. నాలుగు కంచాలు. నాకిష్టమని వేయించిన ఎండుమిరపకాయలు కూడా ఉన్నాయి. వాటి ముఖం చూడలేకపోయాను.

కూర్చోబోతూ ఆగాను. నేను వస్తానని నాకే తెలియదు. వీళ్ళకెట్లా తెలిసింది?

"నేను వస్తానని ఎట్ల తెల్సత్తా?"

"ఊరక, మనసుకు తోచింది నాయనా."

నాటుకోడి మనసుకు తోచగానే ఉడకదు. రెండు గంటలు పడుతుంది. అంతలో గూట్లో ఉన్న కౌసల్య ఫోను టింగుమంది. అద్దం మీద గ్రూపు పేరు వెలిగింది: 'యమున డ్రైవింగ్ – మునికుమార్‌కి చెప్పొద్దు.'

"వదినా, ఇదేంది?"

కౌసల్య యమునను చూసింది. యమున సంగటి ముద్దను చూసింది. "ఇయ్యక్కా, సూడనీలే," అంది.

గ్రూపులో పదకొండు మంది ఉన్నారు. మొదట కనబడ్డ పేరు బాలప్ప.

పొద్దున ఏడుంబావుకు బాలప్ప రాశాడు: 'కారు బయల్దేరింది. యమునమ్మ అడిగినట్టే సొంత కారు పుంగనూరు చేరస్తా. ఎట్ల పంపినానో మాత్రం అడగొద్దండి.'

ఆ తర్వాత యమున, బస్సు వెనక సీటులోంచి తీసిన ఫోటోతో: 'ఎనకనే వస్తాండాడు. యాసిడ్ చిందుతాదంట.'

పది నిమిషాలకు: 'ఎవురో అవ్వను ఎక్కించుకున్యాడు.'

కౌసల్య: 'అవ్వ ఎవురే?!'

యమున: 'తెలీదు. కోడి కూడా ఉండాది.'

మా అత్త: 'అయితే అల్లుడు ఈడికే వస్తాడు. ఈడ కూడా ఒక కోడి కోయిస్తా.'

తర్వాతి ఫోటోలో కారు ఉంది గానీ నేను లేను. స్టీరింగు కింద ఉన్నాను.

దాని కింద గుర్రంకొండ నుంచి ఇంకొక మెసేజి ఉంది. పేరు చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. రాజేశ్వరి, మా అమ్మ. నన్ను కని పెంచిన మా అమ్మ ఆరు వారాలుగా శత్రువుల గ్రూపులో ఉంది.

'వాడు టిఫిను తిన్యాడో ల్యాదో, ఎవురన్నా అడగండమ్మా.'

దానికి ఎవరూ జవాబివ్వలేదు.  కౌసల్య ఫోనులోనే రాశాను: 'తినల్యా అమ్మా.'

వెంటనే టింగుమని మా అమ్మ జవాబు వచ్చింది.

'నువ్వు గాదు కౌసల్యా, నేనడిగేది మా వాణ్ణి.'