గృహ కెమెరా ఎంపిక సంఘం

ఇల్లు, ఉద్యోగం, ఆఖరికి పెళ్లాన్నయినా మనిషి తొందరపడి ఎంచుకోవచ్చు గానీ, మొదటి డీఎస్ఎల్ఆర్ కెమెరా విషయంలో తొందర పనికిరాదు. ఈ సత్యం కొనుగోళ్ల విభాగం సూపరింటెండెంటుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గుండుసూది కొనాలన్నా పోలిక పట్టిక లేనిదే ఫైలు కదలనివ్వని మనిషి ఆయన.

లేకలేక పుట్టిన కూతురు ఓ రోజు ఆయన్ని చూసి నోరంతా తెరిచి నవ్వింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ బోసినవ్వు ఫోటో తీసి హాల్లో గోడకి పెట్టుకోవాలని ముచ్చటపడ్డాడు.

"ఫోన్లో తీసేద్దామండీ," అంది భార్య.

"ఫోన్లో తీస్తే వెనక మసక, అదే బ్లర్, సరిగ్గా రాదు. మంచి కెమెరా వచ్చేదాకా పాపని ఎవరూ ఫోటో తీయకూడదు," అన్నాడు. (ఈ ఉత్తర్వుని ఇంతవరకూ ఎవరూ రద్దు చేయలేదు.)

వెంటనే గృహ కెమెరా ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే. సాంకేతిక నిపుణుడు బావమరిది (ఎవరిదో కెమెరా మెడలో వేసుకుని ఓ పెళ్లంతా తిరిగాడు, అదీ అర్హత). భార్యకి ఓటు లేదు, టీ బాధ్యత ఉంది.

కొత్తవాళ్లకని షాపువాడు రెండు కెమెరాలు చూపించాడు. ధర ఒకటే, బరువు ఒకటే. ఒకదానికి మెనూ బటన్ ఎడమవైపు, రెండోదానికి కుడివైపు. సంఘం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు.

"ఎడమది కొన్నామనుకో బావా, కుడిదాని గురించి జీవితాంతం కుమిలిపోతాం," అన్నాడు నిపుణుడు.

తేల్చేలోగా పాపకి పళ్లొచ్చేశాయి. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. తర్వాత ఆలోచించి, పాలపళ్లు ఊడటాన్ని గడువు పొడిగింపుగా పరిగణించాడు. అవీ ఊడాయి. తీరా ఎడమది ఖాయం చేసేసరికి కంపెనీ దాన్ని ఆపేసి కొత్త మోడల్ దింపింది. బజారులో లేని సరుకుని పోల్చడం నిబంధనలకి విరుద్ధం గనక వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. ఈలోగా పాపకి మళ్లీ పళ్లొచ్చాయి, ఈసారివి ఊడే రకం కాదు.

ఆయన రిటైరయ్యాడు. సంఘం అవలేదు.

పాప పెద్దదై, ఉద్యోగంలో చేరి, ఓ సాయంత్రం ఇంటికొస్తూ కెమెరా కొనుక్కొచ్చింది.

"ఏం చూసి కొన్నావే?"

"చేతికి బాగుంది నాన్నా. ఇటు చూడు."

రెండోది కూడా చూశావా అని అడగబోయాడు గానీ, ఒక కన్ను మూసి గురిచూస్తున్న కూతుర్ని చూసేసరికి నవ్వొచ్చేసింది. ఆయన నోట్లో ఇప్పుడు ఒక్క పన్ను లేదు. (కట్టుడు పళ్లలో రెండు రకాలున్నాయట. సంఘం పరిశీలిస్తోంది.)

బోసినవ్వు ఫోటో ఇప్పుడు హాల్లో, అనుకున్న గోడకే ఉంది. వెనక మసక చాలా బాగా వచ్చింది.