పన్నెండు నిమిషాల కోట

శత్రువులు లోపలికి రాకూడదనే పూర్వం కోటలు కట్టారు. ఎత్తైన గోడలు, లోతైన కందకాలు, పైనుంచి పోయడానికి మరిగే నూనె, ఇన్ని ఏర్పాట్లు చేసినా ఎవడో ఒకడు లోపలికి దూరుతూనే ఉండేవాడు. ఆ లోపాన్ని చివరికి సరిదిద్దింది ప్రజా రవాణా వ్యవస్థ.

ఈ సంగతి తెలియని మేస్త్రమ్మ ఒక గురువారం తెల్లవారగానే ఆడపడుచును వెంటబెట్టుకుని కోటకు బయలుదేరింది. కాలం చేసిన భర్త రాతిపని మేస్త్రి. ముప్పై ఏళ్ల కిందట ఆ కోట బురుజు మెట్లు మరమ్మతు చేసింది ఆయనే. "పదకొండో మెట్టు వంకరగా పెట్టేశానే, ఒక్కడూ కనిపెట్టలేదు" అని బతికినన్నాళ్లూ చెప్పుకుని నవ్వేవాడు. గూట్లో చెంబు పెట్టినా ఒక కన్ను మూసి సరిచూసే మనిషి వంకర పని చేశాడంటే ఆమె ఏనాడూ నమ్మలేదు. మర్నాటి నుంచి కోట మూసి మెట్లన్నీ సమం చేస్తారని పేపర్లో పడింది. అంటే మొగుడి తప్పు కళ్లారా చూసుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క రోజు.

రైలు తొమ్మిదీ నలభైకి చేరింది. కోటకు వెళ్లే బస్సు తొమ్మిదీ ముప్పై అయిదుకు వెళ్లిపోయింది. (ఇది పొరపాటు కాదు. రెండు శాఖలకూ కలిపి ఒక సమన్వయ సంఘం ఉంది. అది ఏడాదికి రెండుసార్లు సమావేశమై, ఆ తేడా అయిదు నిమిషాలకు తగ్గకుండా చూస్తుంది.)

"తర్వాతి బస్సు ఒకటిన్నరకి. అదే ఆఖరుది" అన్నాడు విచారణ కిటికీలో కూర్చున్నాయన.

"మరి తిరిగి రావడానికి?"

"అదేనమ్మా. కోట దగ్గర పన్నెండు నిమిషాలు ఆగి వెనక్కొస్తుంది."

"పన్నెండు నిమిషాల్లో కోట ఏం చూస్తాం నాయనా?"

"చూడటం మా శాఖ కిందికి రాదు. మేం తీసుకెళ్లి తీసుకొస్తాం, అంతే."

టికెట్టు ఫోన్లోనే తీసుకోవాలట. ఆడపడుచు కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టింది. పేరు, వయసు అయ్యాక ఫోన్ ప్రయాణ ఉద్దేశం అడిగింది. విహారం, పరిశోధన, ముట్టడి. (పాత ఫారాన్నే మార్చకుండా ఫోన్లోకి ఎక్కించారు.)

"మా అన్నయ్య తప్పు పట్టడానికేగా పోతున్నావ్ వదినా, ముట్టడి నొక్కేయనా?"

"విహారం నొక్కు. నీ నోరే పెద్ద ముట్టడి."

బస్సులో వాళ్ల పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో క్యారేజీ సంచి, అందులోంచి మూరెడు పొడుగు తాళంచెవి తల బయటపెట్టి చూస్తోంది. కోట తాళం ఆయన చేతిలోనే ఉంటుంది.

"కోట పదింటికే తెరుస్తారని బోర్డు మీద ఉందే?" అంది మేస్త్రమ్మ.

"ఉందమ్మా. నేనూ మీరొచ్చిన రైల్లోనే కదా వచ్చేది."

"అయితే పొద్దుటి బస్సులో వెళ్లినవాళ్లు?"

"వాళ్లు మూసిన తలుపు చూస్తారు. మీరు తెరిచిన తలుపు చూస్తారు" అన్నాడాయన ఊరడింపుగా. కొండెక్కడానికి నాలుగు నిమిషాలు, తీయడానికి మూడు, వేయడానికి రెండు, దిగడానికి మూడు. ఆ బస్సు తప్పితే ఆయనకూ వేరే బస్సు లేదు.

"లోపల ఎలా ఉంటుందన్నయ్యా?" అని అడిగింది ఆడపడుచు.

"బాగుంటుందంటారమ్మా. పంతొమ్మిదేళ్లుగా నాకూ వీలు పడలేదు."

అంతా చెప్పినట్టే జరిగింది. తలుపు కిర్రుమంది. ప్రయాణికులు తెరిచిన తలుపు ముందు నిలబడి ఫోటోలు దిగి, తృప్తిగా వెనుదిరిగారు. మేస్త్రమ్మ మాత్రం లోపలికి నడిచింది. కింద డ్రైవరు హారన్ మోగించాడు.

"అమ్మా, తాళం వేయాలి" అన్నాడు తాళాలాయన.

"వేసుకో నాయనా. నేను మెట్టు చూస్తే గానీ రాను."

"లోపల మనిషుండగా వేయకూడదు. రూలు."

"అయితే తెరిచే ఉంచు."

(ఈ ఉపాయం ఆ శాఖలో అంతవరకు ఎవరికీ తట్టలేదు.) ఆయన తాళంచెవి వంక చూశాడు, బస్సు వంక చూశాడు. బస్సు వెళ్లిపోయింది.

"మీ మొగుడూ పెళ్లాల తగువులో ఎప్పుడూ నా నడుమే విరుగుతుంది" అని గొణుగుతూ ఆడపడుచు వెనకే ఎక్కింది. మేస్త్రమ్మ గోడ పట్టుకుని లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. పదకొండో మెట్టు మీద కాలు పక్కకు జారింది. వంగి అరచేత్తో తడిమింది. ఒక పక్క రెండు వేళ్ల ఎత్తు తేడా.

"నిజమే చెప్పావన్నమాట" అని, ఆ వంకర మీదే చతికిలబడింది. చాలాసేపు లేవలేదు. తాళాలాయన ఒక మెట్టు కింద కూర్చుని క్యారేజీ విప్పి ముగ్గురికీ పెట్టాడు. గోడ సందులోంచి కింద ఏరు కనిపించింది. అక్కడ ఏరుందని ఆయనకు ఆ రోజే తెలిసింది. సాయంత్రం అయిదింటికి, బోర్డు మీద రాసిన వేళకే, తాళం వేసి ముగ్గురూ ఇటుకల లారీ ఎక్కి వచ్చారు.

వారం తిరక్కుండా తాళాలాయనకు నోటీసు వచ్చింది. తెరిచి ఉండవలసిన వేళల్లో కోటను తెరిచి ఉంచినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు.

ఇది జరిగి ఏడాది దాటింది. పదకొండో మెట్టు ఇంకా వంకరగానే ఉంది. దాన్ని సమం చేయవలసిన పనివాళ్లు రోజూ సామాన్లతో సహా ఒకటిన్నర బస్సుకు వెళ్లి, అదే బస్సుకు తిరిగి వస్తున్నారు.