సీమోను దండీలు

విభూతి బుధవారం పొద్దున సీమోను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో ఎలాగూ మాంసం మానాలి, ఒక పూట పస్తుండాలి. ఆ ఉపవాసం దేవుడి ఖాతాలో పడుతుంది, తగ్గిన పొట్ట తన ఖాతాలో పడుతుంది. ఒకే సరుకు, రెండు బేరాలు. పాతబస్తీ జహనుమాలో ఏళ్ల తరబడి కిరాణా దుకాణం నడిపిన మనిషికి ఇలాంటి లెక్క నిద్రలో కూడా తడుతుంది.

పొట్ట సంగతి అంతకు ముందు వారమే బయటపడింది. ముందు గదిలో షాబాద్ బండలు వేయించమని భార్య రాజమణి చాలాకాలంగా పోరుతోంది. మేస్త్రీ దండగని సీమోను తానే కూర్చుని పరిచాడు. బండలు బాగానే కుదిరాయి. చివరి బండ దగ్గర మాత్రం ఆయన లేవలేకపోయాడు. మోకాళ్లకూ ఛాతీకీ మధ్య పొట్ట అడ్డం పడింది. రాజమణి ఒక చెయ్యి, ఆమె తమ్ముడు బాబురావు ఒక చెయ్యి పట్టి లాగితేగాని మనిషి పైకి రాలేదు.

"బావా, నిన్ను లేపాలంటే హమాలీలను పిలవాలె," అన్నాడు బాబురావు. రాజమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బామ్మర్ది నవ్వితే ఓర్చుకోవచ్చు. భార్య నవ్వు సీమోనుకు లోపల ఎక్కడో దిగబడింది. మర్నాడు ఎవరూ చూడకుండా గల్లీ చివర తాలీంలో కుస్తీ నేర్పే వహీద్ పహిల్వాన్ దగ్గరికి వెళ్లాడు. "కూలి లేకుండా బరువులెత్తే మనిషి" అని ఇన్నేళ్లూ ఆ వహీద్ మీద గల్లీనంతా నవ్వించింది తనే. అందుకని ముందుగా ఒట్టు వేయించుకున్నాడు.

"ఎవ్వరికి చెప్పొద్దు వహీద్ భాయ్. ఇజ్జత్ పోతది."

"ఫికర్ నక్కో. పొద్దుగాల లేసి దండీలు కొట్టు, బస్కీలు తియ్యి. ఈస్టరుకు నీ పొట్ట నువ్వే గుర్తుపట్టవ్," అన్నాడు వహీద్.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. వెనక గదిలో వంట, మంచాలు. బోర్లా పడి లేచే దండీలకు జాగా ఉన్నది కొత్త బండల ముందు గదిలోనే. ఆ గది గోడకు సీమోను పాత చెక్కపెట్టె విప్పి చేసిన పీఠం ఉంది, దాని మీద మరియ తల్లి పటం ఉంది. కొవ్వొత్తి వెలుగుతుండగా సీమోను బనియను, లుంగీతో నిలబడి, "తల్లీ, జర ఏమనుకోకు," అని దండం పెట్టుకుని మొదలుపెట్టాడు.

కిటికీ బయట అందరికీ కలిపి ఒకటే నల్లా. నీళ్లకు వచ్చిన పక్కింటి షౌకత్ బీ లోపలికి చూసింది. పటం ముందు సీమోను సాష్టాంగపడుతున్నాడు. చేతులు వణుకుతుండగా లేస్తున్నాడు, మళ్లీ పడుతున్నాడు. ముఖం నిండా నీళ్లు కారుతున్నాయి. "తల్లీ... అయ్యో తల్లీ... ఇంకొక్కటి," అని మూలుగుతున్నాడు.

షౌకత్ బీ బిందె అక్కడే వదిలేసి వెనక గుమ్మానికి పరుగెత్తింది. "రాజమణీ! నీ మర్దు దేవుని ముంగట పడి పడి ఏడుస్తుండు. మేము నమాజుల సజ్దా చేస్తం గాని, గిట్ల పాణం పెట్టి ఎవ్వరు చెయ్యరమ్మా!"

రాజమణి తలుపు సందులోంచి చూసింది. గుడిలో ప్రసంగం మొదలుకాగానే కునుకు తీసే భర్త ఇతనేనా అనుకుంది. నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుని, చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గింది. ఆదివారం పూజ కాగానే గుడి ముందు ఆడవాళ్లకు ఆ సంగతి చెప్పకుండా ఉండడం ఆమెకు సాధ్యం కాలేదు.

సోమవారం నుంచి దుకాణంలో సీమోనుకు మర్యాద పెరిగింది. రోజూ కసురుకునే వాళ్లు చేతులు జోడించారు. ఎన్నడూ రాని వాళ్లు ఫలక్‌నుమా వైపు నుంచి కూడా సరుకులకు వచ్చారు. విషయం రెండు రోజుల్లో ఆయనకు అర్థమైంది. "అయి దండీలమ్మా" అని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ పెట్టుబడి లేకుండా వచ్చే గిరాకీని తోసేయడం ఆయనకు చేతకాదు. నోరు మూసుకున్నాడు. నష్టం అక్కడ మొదలైంది.

గుడికి బలిపీఠం గుడ్డలు కుట్టే నీలమ్మ ఆ బుధవారమే ఒక ప్రశ్న వేసింది. "గంత తపస్సు చేస్తుండంటే, పాపం ఎంతుండాలె?"

ఆ ప్రశ్న గల్లీ అంతా తిరిగింది. అందరికీ సబబుగానే తోచింది. చిన్న జ్వరానికి ఎవరూ పెద్ద దవాఖానకు పోరు కదా. ఎవరికి వాళ్లు సీమోనుతో తమ పాత లావాదేవీలు తిరగేసుకున్నారు. ఈ ఏడుపంతా తమ గురించేనని ఎవరికి వాళ్లు తేల్చుకున్నారు.

మొదట వచ్చింది ఇళ్లలో అంట్లు తోమే ఆగమ్మ. "బిడ్డా సీమోనూ, ఆ పురుగుల కందిపప్పు ముచ్చట నేను అప్పుడే మర్చిపోయిన. నీ పాణం గిట్ల తీసుకోకు."

సీమోను చేతిలో పొట్లం ఆగిపోయింది. ఆ పప్పును ఎండబెట్టి, చెరిగి, కొత్త బస్తాలో కలిపింది ఆయనే. ఎవరికీ తెలియదనే కలిపాడు. "నీకెట్ల ఎరుక?" అన్నాడు.

"పురుగులకు నోరుండదు గాని, నాకు కండ్లున్నయి గద."

"మరి మల్ల మల్ల నా దగ్గరికే ఎందుకొస్తవ్?"

"ఇంకెక్కడికి పోత? అందరు గంతే. నువ్వు జర నవ్వుకుంట ఇస్తవ్."

మర్నాడు ఉర్దూ బడి పంతులు షఫీఉద్దీన్ వచ్చి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సీమోన్ మియా, కాంటా తట్ట కింద చింతపండు ముద్ద సంగతే కదా? గల్లీల అందరికీ మాలూమే. జానే దో. మాఫ్ చేసినం."

సీమోను తల వంచుకున్నాడు. దుకాణం బోర్డు మీద "నిజమైన తూకం" అని ఎర్ర రంగుతో రాయించిన మనిషి ఆయన. తనకున్న ఆస్తి ఆ పేరేనని నమ్మాడు. ఇన్నేళ్లూ బోర్డును నమ్మింది తనొక్కడేనని ఇప్పుడు తేలుతోంది. ఆ పూట నుంచి గిరాకీల కళ్లలోకి చూడలేక, తూకం వేసేటప్పుడు కాంటా ముల్లునే చూడసాగాడు.

శనివారం బాబురావు ఇంటికే వచ్చాడు. వచ్చీ రాగానే సీమోను కాళ్ల దగ్గర కొత్త బండ మీద కూర్చున్నాడు. "బావా, జల్‌పల్లిల నేను మడిగె కిరాయికి తీసుకొని దుకాణం పెడ్తనంటే, ఆ మడిగె ఓనరుకు నా మీద లేనిపోనియి చెప్పింది నువ్వేనని నాకెరుకే. అక్క బాధపడ్తదని ఇన్నొద్దులు నోరు తెరవలె. మాఫ్ చేసిన. ఇగ ఏడ్వకు."

వెనక గదిలో గరిటె చప్పుడు ఆగింది. రాజమణి గుమ్మంలోకి వచ్చి భర్తను చాలాసేపు చూసింది. చివరికి ఆమే కళ్లు తుడుచుకుని, "చేసిండు, గాని పశ్చాత్తాపపడుతుండు గద. నేను గూడ మాఫ్ చేసిన. లేవుండ్రి, అన్నం తిందురు," అంది. సీమోను వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు.

నీలమ్మ మాత్రం తర్వాతి వారాల్లో కూడా లెక్క ముగించలేదు. పప్పు, చింతపండు, మడిగె అన్నీ కూడినా ఆ తపస్సు ఎత్తుకు సరిపోవని ఆమెకు అనిపించింది. మిగిలిన తేడాకు ఒక ఆడమనిషి అయితేనే కుదురుతుందని తేల్చి, ఈస్టరుకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం, గుడి వాకిట్లో ఆ మాట రాజమణి చెవిలో వేసింది.

రాజమణి ఊరేగింపులో మోసిన ఈతాకు మట్ట చేతిలో పట్టుకునే భర్త ముందుకు వచ్చింది. "ఎవతె అది?"

"ఎవతె ఏంది?"

"ఎవతె కోసం ఏడుస్తున్నవ్ రోజూ?"

వాకిట్లో అందరూ అటు తిరిగారు. ఇక దాచడానికి చోటు లేదు. "అయ్యో, ఏడ్వలేదే! అయి దండీలు! పొట్ట తగ్గాలని దండీలు కొడుతున్న!" అని సీమోను అరిచాడు.

ఎవరూ నమ్మలేదు. ఎవరో పోయి వహీద్‌ను పిలుచుకొచ్చారు. వహీద్ గేటు బయటే నిలబడి, "ఖసమ్ సే భాభీ, పొట్ట కోసమే. నేనే నేర్పిన," అన్నాడు. అయినా నీలమ్మ పెదవి విరిచింది. గత్యంతరం లేక సీమోను చొక్కా విప్పి, ఈతాకుల మధ్య నేల మీద బోర్లాపడి, పడి లేచి చూపించాడు. అదే పడడం, అదే మూలుగు, అదే చెమట. "అవ్ అవ్, గిదే నేను చూసింది," అంది షౌకత్ బీ వహీద్ పక్కనుంచి, చాలా నొచ్చుకుంటూ.

ఆగమ్మ మెల్లగా ముందుకొచ్చింది.

"అంటే, నా పప్పుకు గాదా?"

సీమోను లేచి మట్టి దులుపుకున్నాడు. "కాదు."

"మరి నా మడిగెకు?" అన్నాడు బాబురావు.

"కాదు."

"అయితే నా మాఫీ నాకియ్యి," అంది ఆగమ్మ. బాబురావు తనదీ వాపసు అన్నాడు. ఆ మధ్యాహ్నం రాజమణి కంచం ఆయన ముందు పెట్టిన చప్పుడుతోనే ఆమె ఇచ్చిన మాఫీ కూడా వెనక్కి పోయిందని తెలిసింది.

సోమవారం సీమోను కాంటా తట్టను రాయి పెట్టి గీకి కడిగాడు. "ఇది ఏం కొత్త హిక్మత్ మియా?" అన్నాడు షఫీఉద్దీన్, అనుమానంగా తట్టను తిప్పి చూస్తూ. మంగళవారం ఆగమ్మకు మంచి పప్పు ఉచితంగా ఇవ్వబోతే ఆమె పొట్లం అక్కడే విప్పి, గింజ గింజ ఏరి చూసుకుని, ఏమీ దొరకనందుకు ఇంకా భయపడి తిరిగి ఇచ్చేసింది. బుధవారం జల్‌పల్లి వెళ్లి మడిగె ఓనరుకు జరిగింది చెప్పాడు. "బామ్మర్దిని గల్లీలకెల్లి దొబ్బుదామని చూస్తున్నవా?" అని ఓనరు నవ్వాడు.

క్రీస్తు మరణించిన పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గుడిలో అందరూ మోకాళ్ల మీద వరుసగా నడిచి సిలువ పాదాలు ముద్దుపెట్టుకుంటున్నారు. సీమోను వంతు వచ్చింది. వంగాడు. పప్పు, ముద్ద, మడిగె, గుమ్మంలో రాజమణి చూసిన చూపు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నేల మీద సాష్టాంగపడిపోయి, జీవితంలో మొదటిసారి నిజంగా, వెక్కి వెక్కి ఏడ్చాడు.

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నీలమ్మ, "గుడిల గూడ దండీలు వదలడా?" అంది. రాజమణి సిగ్గుతో ముసుగు ముఖం మీదికి లాక్కుంది. బాబురావు వచ్చి ఆయన చెయ్యి పట్టి లేపుతూ చెవిలో ఓదార్చాడు. "ఆగం కాకు బావా. పొట్ట మెల్లగనే దిగుతది."

సీమోను పూర్తి తూకంతో ఇచ్చిన మొదటి సరుకు ఆ ఏడుపే, కొనేవాళ్లే లేకపోయారు.