సర్వాధికారులు ఏడుగురు

ఆఫీసు కంప్యూటర్ మీద అధికారం ఒక్కరి చేతిలోనే ఉండాలని చెప్పేవాళ్లను నమ్మకండి. వాళ్లు మర్యాద తెలియని మనుషులు! ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో ఆపి "మీరు ఈ గది వరకేనండీ, ఆ గదిలోకి రాకూడదు" అని కోనసీమలో ఎవరైనా అంటారా? మరి ఆ మాట కంప్యూటర్ మాత్రం ఎందుకనాలి?

అడిగినవాళ్లందరికీ అడ్మిన్ హోదా ఇచ్చెయ్యాలి. అందులో ఎంత మేలుందో నాకు ఈమధ్యే తెలిసింది. బండారులంక వైపు ఒక చేనేత సంఘం ఉంది. పేరు చెప్పను. అక్కడి భవానీదేవి కథ వింటే మీరూ నా దారికే వస్తారు.

భవానీదేవి ఆ సంఘంలో నాలుగేళ్లుగా టెంపరరీ గుమస్తా. బిల్లులు కొట్టేది ఆమే, ఉత్తరాలు రాసేది ఆమే, పొద్దున్నే ప్రెసిడెంటు బాపిరాజుగారికి పేపరు చదివి వినిపించేదీ ఆమే. ఆయనకు కళ్లజోడు లేక కాదు. పెట్టుకుంటే వయసు బయటపడుతుందని జేబులోనే ఉంచుతారు.

ఆ సంఘం ప్రాణమంతా ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంది. మూడు వందల నలభై చీర అంచుల డిజైన్లు! వాటిని చూసే మగ్గాలకు అంచు నేయించే చిల్లుల అట్టలు కొడతారు. అవి పోతే అరవై మగ్గాలు ఆగిపోతాయి. అందుకే ఒకరోజు బాపిరాజుగారు మాటిచ్చారు.

"అమ్మా, ఆ సిస్టమ్ అడ్మినిస్ట్రేషనేదో నేర్చుకో. మూడు నెలలు మిషను గొడవ లేకుండా నడిపేవంటే నిన్ను పర్మనెంటు చేసేస్తాం."

"ఆయ్, నేర్చుకుంటానండీ!"

ఆన్‌లైన్ కోర్సులో చేరింది. మొదటి పాఠం: ఎవరి ఖాతా వాళ్లకు, ఎవరి పనికి ఎంత కావాలో అంతే అధికారం. రెండోది: ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు తీసి, ఒకటి ఆఫీసు బయట దాచాలి. మూడోది: ఎవరు ఎప్పుడేం చేశారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా ఒకటుంటుంది, దాన్ని లాగ్ అంటారు, అది చదవడం రావాలి. పాఠం చెప్పిన మాస్టారిది ఏ ఊరో గానీ, రావులపాలెం దాటి ఇటు కోనసీమలోకి వచ్చిన మనిషి మాత్రం కాదు.

సోమవారం మొదటి పాఠం అమలైంది. మంగళవారం బాపిరాజుగారు ఏదో నొక్కబోతే "దీనికి అడ్మిన్ అనుమతి కావాలి" అంది కంప్యూటర్.

"ఏంటమ్మా ఇది? నా సంఘంలో నాకు అనుమతా?"

"మీరు డిజైన్లన్నీ చూడొచ్చండీ. చెరపడానికి మాత్రం..."

"చెరుపుతానా నేను? చెరపను కదా! చెరపనివాడికి చెరిపే అధికారం ఉంటే నీకొచ్చిన ఇబ్బందేంటమ్మా?"

ఈ ప్రశ్నకు ఏ కోర్సులోనైనా జవాబుందా? అడ్మిన్ ఇచ్చేసింది.

మధ్యాహ్నానికి వైస్ ప్రెసిడెంటు దొరబాబుగారు దిగారు. "ఆయన్ని మొదటి బంతిలో కూర్చోబెట్టి, నన్ను విస్తళ్లు లెక్కపెట్టమన్నట్టు లేదూ?" ఆయనకూ ఇచ్చింది. తర్వాత సెక్రటరీగారు. తర్వాత ఇద్దరు డైరెక్టర్లు. కోశాధికారి సత్యనారాయణమ్మగారైతే ఉన్నమాటే చెప్పారు. "నాకు అది వాడ్డం రాదమ్మా. అయినా ఉండనీ."

ఏడోది బాపిరాజుగారి అల్లుడు శివశంకర్‌కి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. సంఘంలో సభ్యుడు కాదు. కానీ అల్లుడు! అంతకన్నా ఏం కావాలి?

ఇక ఎనిమిదో ఖాతా చూసి దొరబాబుగారు ముక్కున వేలేసుకున్నారు. "టెంపరరీ మనిషికీ మనకీ ఒకటే హోదానా?" దాంతో భవానీదేవి అడ్మిన్ తీసేశారు. తీయడం ఎవరికీ రాలేదు కనక, తీసింది కూడా ఆమే.

మరి లాభాలో? ఒక డైరెక్టరుగారు కంప్యూటర్ గడియారాన్ని పావుగంట ముందుకు జరిపారు, జనం తొందరగా వస్తారని. మంగళవారం కొత్తవి మొదలుపెట్టకూడదని సెక్రటరీగారు అప్‌డేట్‌ని మధ్యలో ఆపించారు. ఒక కాపలా చాలదని దొరబాబుగారు మూడు యాంటీవైరస్‌లు ఎక్కించారు. వైరస్ సంగతేమో గానీ, అవి మూడూ ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కరి చేతిలో అధికారం ఉంటే ఇంత సందడి ఉంటుందా!

ఇంతలో శివశంకర్ తన కొత్త మేడ గృహప్రవేశం వీడియో తెచ్చాడు. డ్రోన్‌తో తీయించాడు. కంప్యూటర్‌లో చోటు లేదంది. వెతికితే "అంచులు" అనే ఫోల్డర్ కనబడింది. మేడ ముందు అంచులెంత? చెరిపేశాడు. శుభ్రమైన మనిషి కనక చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దున్న అట్టల కోసం నేతగాళ్లు వచ్చారు. డిజైన్లు లేవు. కమిటీ కూర్చుంది. భవానీదేవి లాగ్ ప్రింటు తీసి బాపిరాజుగారి ముందు పెట్టింది. పేరుంది, టైముంది, ఫోల్డరుంది. టైము పావుగంట ముందుంది, అంతే తేడా.

నాలుగేళ్లలో మొదటిసారి ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కంప్యూటరన్నాక పొరపాటు పడుతుందండీ."

దొరబాబుగారికి సంగతి అర్థమైంది. "అల్లుడుగారు లేచేరాండీ? కాఫీ పంపించేరా?"

చూశారా మర్యాద! ఏడుగురు అధికారులున్న చోట నేరస్థుడే ఉండడు. కానీ ఎవరో ఒకరు ఉండాలి కదా?

"నేర్చుకున్నది నువ్వే కదమ్మా," అన్నారు బాపిరాజుగారు. "రేపు సాయంత్రానికి డిజైన్లు రాకపోతే ఇంక నీ దారి నువ్వు చూసుకోవాలి."

భవానీదేవి వరండాలోకి వచ్చింది. సంఘంలో ఊడ్చే వీరాయమ్మ చీపురు ఆపింది.

"ఏడుస్తన్నావేటమ్మా?"

"లేదు పిన్నీ. నీ దగ్గర దాచమన్నది ఉందా?"

"బియ్యం డబ్బాలో ఉంది. పురుగు పట్టకుండా వేపాకు కూడా ఏసేను."

రెండో పాఠం గుర్తుందా? నకలు ఆఫీసు బయట ఉండాలి. ఆ చిన్న హార్డ్ డిస్కులో మూడు వందల నలభై అంచులూ వేపాకు వాసనతో భద్రంగా ఉన్నాయి. అరగంటలో ఎక్కించెయ్యొచ్చు. కానీ భవానీదేవి ఆ రాత్రికి ఆగి, ఏ మాస్టారూ చెప్పని నాలుగో పాఠం తనే రాసుకుంది.

పొద్దున్నే బాపిరాజుగారి దగ్గరకెళ్లి, కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి సర్దాలని, పాస్‌వర్డ్ కొట్టమని అడిగింది. "కళ్లజోడెందుకు మళ్లీ, నువ్వే కొట్టుకో తల్లీ," అని ఆయన పాస్‌వర్డ్ గట్టిగా చెప్పేశారు.

సాయంత్రానికి డిజైన్లు వచ్చాయి. వాటితోపాటు ఏడు కొత్త ఖాతాలు! బాపిరాజుగారిది "సర్వాధికారి". తెరవగానే ఆయన ఫొటో, చుట్టూ బంతిపూల దండ. దొరబాబుగారు "ఉప సర్వాధికారి". సత్యనారాయణమ్మగారు "ఆర్థిక సర్వాధికారిణి". అల్లుడుగారు "గౌరవ సర్వాధికారి". కమిటీ మురిసిపోయింది. ఆ ఖాతాలతో డిజైన్లు చూడొచ్చు. అంతే! గోరంత చెరపలేరు. చెరపలేమన్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాళ్లు అడిగింది పేరు, పని కాదు.

చివర్లో ఇంకో ఖాతా ఉంది. దాని పేరు "ఊడ్చే మనిషి". అసలు తాళాలన్నీ దానికే ఉన్నాయి, దాని పాస్‌వర్డ్ మాత్రం భవానీదేవి దగ్గరుంది. దొరబాబుగారి కన్ను దానిమీద పడనే పడింది.

"ఇదేంటమ్మా?"

"వీరాయమ్మ పేరు మీదదండీ. మీకూ కావాలాండీ?"

"ఛ! నాకెందుకమ్మా!"

మూడు నెలలు గడిచాయి. మగ్గాలు ఒక్కరోజు ఆగలేదు. మాట ప్రకారం ఉద్యోగం పర్మనెంటు చేశారు. అడ్మినిస్ట్రేటర్ అని వేద్దామంటే ఆ హోదాలో ఇప్పటికే ఏడుగురున్నారు కనక, ఆర్డరులో "సర్వాధికారులకు సహాయకురాలు" అని రాశారు.

ఇదంతా పేపర్లో వేసేస్తే బాపిరాజుగారికి తెలిసిపోదా అని మీకు బెంగగా ఉందా? ఆ కళ్లజోడు మళ్లీ జేబులోంచి రావాలంటే అల్లుడుగారు మళ్లీ సెలవు మీద రావాలి. అంతవరకూ రోజూ పేపరు చదివి వినిపించేది భవానీదేవే. ఇవాళ ఈ పేజీ దగ్గరకు వచ్చేసరికి, కొబ్బరికాయల ధర రెండుసార్లు చదువుతుంది.