మెట్ల మీద ఉప్పెవరిది

ఆ మంగళవారం పొద్దున టెల్లెర్వో వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కను కాసేపు తిప్పుకొచ్చి, కాఫీ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చోవాలి. ఉత్తరాన మంచుదేశంలోని కయాని ఊళ్ళో జనవరి నెలలో అంతకన్నా పెద్ద పథకాలు ఎవరూ వేసుకోరు. ఆ పొట్టికాళ్ళ కుక్క నాప్పి గుమ్మం దాటి, ఐదు మెట్లూ దిగి, మంచులో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ముందు కుడికాలు ఎత్తింది. అది దించి ఎడమకాలు ఎత్తింది. మిగతా రెండూ కూడా ఎత్తితే ఏమవుతుందో ఆలోచించుకుని, ఆమె మొహంలోకి చూసింది.

ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చి చూస్తే పాదాల మెత్తలు పగిలి ఉన్నాయి. ఒకచోట నెత్తురు చెమ్మ కూడా ఉంది. పశువుల డాక్టరమ్మ ఒక్క చూపులో తేల్చేసింది. "ఇది చలి వల్ల కాదండీ. ఎక్కడో ఉప్పు తొక్కుతోంది." పూయడానికి మైనంలాంటి మందొకటి ఇచ్చి, బూట్లు తొడిగి చూడమంది. టెల్లెర్వో నాలుగు ఎర్ర బూట్లు కొని తొడిగింది. నాప్పి వాకిట్లోనే మూడింటిని విదిలించి పారేసింది. నాలుగోది ఇప్పటికీ దొరకలేదు.

మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లకూడదనీ, సన్నకంకరే చల్లాలనీ ఆ భవనంలోని ఎనిమిది ఇళ్ళవాళ్ళూ నాలుగేళ్ళ కిందటే తీర్మానించుకున్నారు. టెల్లెర్వో నలభై నిమిషాలు మాట్లాడి సాధించిన తీర్మానం అది. అంటే ఎవరో కావాలనే చల్లుతున్నారు. ఆమె ముప్పై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. లోకంలో మనుషులు రెండే రకాలని ఆమె నమ్మకం: టికెట్ లేనివాళ్ళు, ఉన్నా అది ఇవాళ్టిది కానివాళ్ళు.

ఆ రోజే ఆమె కింద నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించింది. "మెట్ల దగ్గర ఏం చేస్తున్నారో నాకు తెలుసు. ఆపకపోతే పేరు రాస్తాను." ఉప్పు అనే మాట కావాలనే రాయలేదు. దొంగకు మాత్రమే అర్థం కావాలని ఆమె ఎత్తు. కానీ అందరికీ అర్థమైంది. శరత్కాలం నుంచి కనిపించకుండా పోయిన మంచు పార బుధవారానికల్లా దాని చోటికి వచ్చేసింది. ఇళ్ళవాళ్ళ సంఘం అధ్యక్షురాలు మారిత్ మేడ మీదనుంచి దిగొచ్చి, గుమ్మం దగ్గర సిగరెట్ కాల్చడం మానేశాననీ, సంగతి తన భర్త చెవిన వెయ్యొద్దనీ గుసగుసగా బతిమాలుకుంది. ఎనిమిది ఇళ్ళలో తప్పు చెయ్యని ఇల్లు లేదని తేలింది గానీ, ఉప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. గురువారం నాప్పి మళ్ళీ కాలెత్తింది.

ఇక మిగిలింది అదే అంతస్తులో ఎదురింటి కలెర్వో. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న ఆ పెద్దమనిషి రోజూ చీకటుండగానే మూతపెట్టిన తెల్ల బకెట్ ఒకటి పట్టుకుని బయటికి వెళ్తాడు. ఆ బకెట్ గురించి టెల్లెర్వో ఇన్నాళ్ళూ ఆలోచించకపోవడమే వింత. గురువారం సాయంత్రం మెట్ల మీదే అతన్ని ఆపింది.

"ఆ బకెట్ మూత ఒకసారి తియ్యండి."

"తియ్యను."

"అందులో ఏముంది?"

"నా వస్తువులు."

"దాచుకోవాల్సినవా?"

"మీలాంటివాళ్ళ దగ్గర దాచుకోవాల్సినవే," అన్నాడు కలెర్వో.

నిజానికి అతను గడ్డకట్టిన చెరువులో కన్నం తొలిచి, బకెట్ తిరగేసి దాని మీదే కూర్చుని చేపలు పడతాడు. అందులో అతను సొంతంగా చేసుకున్న గాలం ఎర ఉంది. అలాంటి ఎరను ఆ ప్రాంతంలో ఏ మగవాడూ తోడబుట్టిన తమ్ముడికైనా చూపించడు. టికెట్లు తనిఖీ చేసిన ఆవిడకు చూపిస్తాడా? అయినా అతనికి అవమానం బాగానే తగిలింది. వెంటనే వెళ్ళి, సభ పిలవమని మారిత్‌కు ఉత్తరం ఇచ్చాడు. శనివారం పదకొండింటి సభలో టెల్లెర్వో ఉప్పునూ, చల్లినవాణ్ణీ రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే, కాపాడుకోలేని ఆ నిషేధాన్ని ఎత్తెయ్యాలి.

ఎత్తేస్తే ఏమవుతుందో టెల్లెర్వోకు తెలుసు. భవనం నిర్వహణవాళ్ళు మూటలకు మూటలు ఉప్పు కుమ్మరిస్తారు. నాప్పి ఏప్రిల్ దాకా గడప దాటదు. దానికి పదేళ్ళు. ఇంకెన్ని చలికాలాలు చూస్తుందో తెలియదు. అందులో ఒకదాన్ని తివాచీ మీద పడుకోబెట్టి గడిపించడం ఆమె వల్ల కాదు.

శుక్రవారం ఆమె రుజువులు సేకరించింది. మెట్టుమెట్టుకూ వంగి, వేలికి మంచు అద్దుకుని నాకింది. మూడో మెట్టు మీద సందేహం లేదు, ఉప్పే. పైకిటికీలోంచి ఇదంతా చూసిన మారిత్, టెల్లెర్వో భర్త ఓయివాను పక్కకు పిలిచి, ఇలాంటివాటికి మంచి డాక్టర్లున్నారనీ, సిగ్గుపడాల్సిందేం లేదనీ ధైర్యం చెప్పింది. ఓయివా మొహం పాలిపోయింది. ఏమీ అనలేదు. అతను సాధారణంగానే ఏమీ అనడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం ఐదున్నరకు టెల్లెర్వో చప్పుడు చెయ్యకుండా బయటపడింది. భర్త గురక వల్ల వాళ్ళ పడకలు ఎప్పుడో వేరయ్యాయి కాబట్టి అది కష్టం కాలేదు. నాప్పి కాళ్ళు నేలకు తగలకుండా కోటు లోపల పెట్టుకుని, దాని తల మాత్రం బయట ఉంచింది. మెట్ల కింద, గోడ మూల నక్కి కూర్చుంది. చలి సున్నాకు ఎనిమిది డిగ్రీల కింద. పావుగంట గడిచేసరికి వీధిదీపం వెలుగులో, మెట్ల పక్కన ఇనుప కమ్మీ అడుగున తెల్లగా ఏదో మెరిసింది. దొంగ చెయ్యి ఆనించిన చోటై ఉంటుందనుకుంది. చేతులు కుక్క కింద ఉన్నాయి. వంగి నాలుకతోనే రుజువు చూసింది.

అది ఉప్పు కాదు, ఇనుముకు పట్టిన మంచుపొర. ఉప్పే అయితే నాలుక అంటుకునేది కాదు. చలికాలంలో ఇనుము నాకకూడదని ఆ దేశంలో నాలుగేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. టెల్లెర్వోకూ తెలుసు, అరవై ఆరేళ్ళుగా.

ఆమె అలా కమ్మీకి అతుక్కుని ఉండగా తలుపు తెరుచుకుంది. గుమ్మం దీపం దానంతటదే వెలిగింది. చంకలో ఉప్పు పొట్లంతో ఒక మనిషి వెనక్కి వెనక్కి దిగుతూ, ఒక్కో మెట్టు మీదా గుప్పెడు గుప్పెడు చల్లుకుంటూ వచ్చాడు. కిందికి వచ్చి తిరిగాడు. ఓయివా.

"ఆఁ... ఊఁ," అంది టెల్లెర్వో. అంతకు మించి అనడానికి నాలుక ఖాళీగా లేదు.

ఓయివా భార్యను చూశాడు, కమ్మీని చూశాడు, తన చంకలో పొట్లాన్ని చూశాడు. "నీకు చెబుదామనే అనుకున్నా," అన్నాడు. వేడినీళ్ళు తెస్తానని కదలబోతే ఆమె అతని పంట్లాం అంచు పట్టుకుంది. అది ప్రేమ కాదు. ముప్పై ఏళ్ళలో ఆమె పట్టుకున్న ప్రయాణికుణ్ణి ఎన్నడూ దిగనివ్వలేదు.

అప్పుడే కలెర్వో బకెట్‌తో బయటికి వచ్చాడు. ఒక్క క్షణం నిలబడి ముగ్గురినీ లెక్కపెట్టుకున్నాడు. ఎవరూ అడగకుండానే మూత తీశాడు. ఫ్లాస్కు బయటికి తీసి, పాలు కలిపిన గోరువెచ్చని కాఫీ కొద్దికొద్దిగా ఆమె నాలుక మీదికి వంచాడు. నాలుక కమ్మీని వదిలింది. కారిన కాఫీని నాప్పి నాకింది. బకెట్‌లో ఏముందో టెల్లెర్వోకు చక్కగా కనిపించింది. కలెర్వో మూత పెట్టేసి, మర్యాదగా వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎందుకు చేశావ్?" అంది ఆమె, వాచిన నాలుకతో.

ఓయివా పొట్లం మూతి మడిచాడు. "పోయిన చలికాలం ఇక్కడే పడ్డావు. ఇరవై నిమిషాలు పడి ఉన్నావు. నాప్పి మొరుగుతుంటే, ఎప్పుడూ మొరిగేదేగా అనుకుని నేను లోపల పేపర్ చదువుకుంటున్నా. కంకర చాల్లేదు. నాప్పికి నాలుగు కాళ్ళున్నాయి టెల్లెర్వో. నీకు రెండేగా."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని సాకులు విందో ఆమెకే లెక్క లేదు. దీన్ని ఎలా కొట్టిపారెయ్యాలో మాత్రం తెలియలేదు. కళ్ళు చెమర్చాయి. చలి అని సర్ది చెప్పుకుంది.

పదకొండింటి సభలో ఆమె లేచి నిలబడి, ఉప్పు చల్లింది తన భర్తేననీ, కలెర్వో గారిని అనుమానించినందుకు క్షమించమనీ రెండు ముక్కల్లో చెప్పింది. నాలుక అంతకన్నా సాగలేదు. సంఘం చరిత్రలో ఆమె ప్రసంగానికి చప్పట్లు పడింది ఆ ఒక్కసారే. నిషేధం నిలబడింది. దానికి అనుకూలంగా మొదట చెయ్యెత్తింది కలెర్వో. ఇకమీదట రోజూ రెట్టింపు కంకర చల్లే పని, నాప్పి పాదాలు కడిగి మందు పూసే పని ఓయివాకు అప్పగించారు. మేకులున్న బూట్లు తొడుక్కోకుండా మెట్లు దిగనని టెల్లెర్వో అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత వారమంతా టెల్లెర్వో పొద్దుటి జావలో ఉప్పు వెయ్యలేదు. ఓయివా అడగలేదు.